స్పానిషు పాఠము - శామీర్‌పేట చెఱువు

మా మనుమరాలు మూడవ తరగతి చదువుచున్నది. మా అమ్మాయివాళ్లు అల్వాలులో కాపురమున్నారు; పిల్ల బడి మాత్రము శామీర్‌పేట దాటిన పిమ్మట, మేడ్చలునకు పోవు దారిలో నున్నది. ఒకప్పుడు ద్రాక్షతోటలును జొన్నచేలును ఉండిన ఆ నేలమీద ఇప్పుడు కళాశాలలు, మందుల పరిశోధనాలయములు, పెద్దపెద్ద బడులు వెలసినవి. ఆ బడిలో ఇంగ్లీషు, హిందీ, తెలుగు గాక స్పానిషు భాషను గూడ నేర్పుదురు. మొన్న నొక సాయంకాలము పిల్ల వచ్చి, పుస్తకముల సంచి నొకమూల వైచి, చుట్టచుట్టి తెచ్చిన అట్టకాగితమును నా యెదుట నేలపై పఱచినది. దానిమీద నీలిరంగు మడుగు, మడుగులో వెల్లకిల పడిన చేపలు, ఒడ్డున డబ్బాలు, సీసాలు, వెనుక పొగ గ్రక్కు గొట్టము. ఒక్కొక్కదాని క్రింద నొక స్పానిషు మాట. వ్రేలితో చూపుచు నాకు పాఠము చెప్పినది: "ఆగ్వ అంటే నీళ్లు. ఊమొ అంటే పొగ. రుయిదొ అంటే రొద. బసూర అంటే చెత్త. ఇవన్నీ చేసేది కొంతమినసియోన్. అంటే కాలుష్యం."

నేను సంతోషించి, "ఈ చెఱువు ఏదమ్మా? మన శామీర్‌పేట చెఱువా?" అని యడిగితిని. పిల్ల నా యజ్ఞానమునకు నవ్వి, "ఇది చెఱువు కాదు అమ్మమ్మా, లాగొ!" అనెను.

దినమునకు రెండుమార్లు ఆ పిల్ల యెక్కిన బస్సు శామీర్‌పేట చెఱువు దాపుననే పోవును. వానకాలమున నిండిన నీటిని, వేసవిలో పగుళ్లువాఱిన ఒండ్రును ఆ కిటికీనుండియే చూచుచున్నది. ఆదివారము విహారమునకు వచ్చినవారు కట్టమీద విడిచిపోయిన గ్లాసులును సంచులును దానికి కనబడుచునే యున్నవి. అయినను చచ్చిన చేపలు గల మడుగు పరదేశములోని లాగొ. బస్సు కిటికీలోనిది చెఱువు. రెండింటికిని ఏమియు సంబంధము లేదు. సోదరీమణులారా, ఈ మాటయే నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

మా పొరుగింటామె ఇది విని, "తెలుగే సరిగా రాని పిల్లలకు స్పానిషెందుకండీ?" అని తీసిపాఱవేసినది. నేను ఆమెతో ఏకీభవింపను. ఇరువదికి తక్కువ గాని దేశములలో, నలువదియైదు కోట్లకు మించిన జనులకు అది యింటిభాష. మన హైదరాబాదులోనే, 1958లో వెలసిన ఇంగ్లీషు సంస్థ పెరిగి విదేశభాషల విశ్వవిద్యాలయమై, నేడు స్పానిషును బోధించుచున్నది. అంతేకాదు, ఆ భాష మన నోటికి మిక్కిలి అనుకూలమైనది. మాటలు పెక్కు మనవానివలెనే అచ్చుతో ముగియును. మన తకార దకారములను ఉన్నవి ఉన్నట్లు పలికిన చాలును. వారికి 'పెరొ' అన్నచో 'కాని' అని యర్థము. రేఫమును గట్టిగా అదరించి 'పెఱ్ఱొ' అన్నచో కుక్క. మనకును ఊరు వేఱు, ఊఱుట వేఱు. ఈ రెండు రకారముల భేదమును మన పిల్లలు తెలుగులో పోగొట్టుకొని, స్పానిషు బడిలో మరల నేర్చుకొనుచున్నారు. దీనికి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

కావున నా ఫిర్యాదు భాషను గూర్చి కాదు. కాలుష్యమును గూర్చిన చదువు పిల్లలకు ఏ భాషలో వచ్చినను, అది మార్కుల పాఠముగా వచ్చి మార్కులతోనే పోవుచున్నది. పరిసరములను గూర్చిన విద్య ప్రతి తరగతిలో తప్పనిసరిగా నుండవలెనని మన సుప్రీంకోర్టు 1991లో ఎం. సి. మెహతా అను న్యాయవాది తెచ్చిన వ్యాజ్యెములో ఆజ్ఞాపించెను. ఆ యాజ్ఞ సరిగా అమలు కాకపోగా 2003 డిసెంబరులో మరల గట్టిగా చెప్పి, పాఠ్యప్రణాళికను తయారుచేయుమని ఎన్.సి.ఇ.ఆర్.టి. సంస్థను నియోగించెను. నాటినుండి పుస్తకములు వచ్చినవి, పరీక్షలు వచ్చినవి. "కాలుష్యము నాలుగు విధములు: జల, వాయు, భూ, ధ్వని" అని మన పిల్లలు నిద్రలో లేపి యడిగినను చెప్పగలరు. బడి అంతవఱకే చేయగలదు. ఆ మాటను తెచ్చి మన గుమ్మమునకు కట్టవలసిన పని యింటిలోని ఆడవారిది.

నేను చెత్తతో మొదలుపెట్టితిని. "బసూర ఎచ్చటికి పోవును?" అంటిని. "బండిలోకి." "బండి యెచ్చటికి పోవును?" పిల్లకు తెలియదు. నిజము చెప్పవలెనన్న, దాని తల్లికిని తెలియదు. తెలిసినది మా యింట గిన్నెలు తోము ఆమెకు. ఆమె కాపురము జవహర్‌నగరులో.

చదువరులలో పెక్కుమంది ఆ యూరి పేరు విని, ముక్కు మూసికొని యుందురు. హైదరాబాదు మహానగరపు చెత్త దినమునకు వేలకొలది టన్నులు లారీల కెక్కి, ఒకనాడు శామీర్‌పేట మండలములోనిదైన ఆ జవహర్‌నగరునకు చేరును. మూడువందల యెకరములకు మించిన నేలలో అది గుట్టలై పెరిగినది. ఈ మధ్య పాతగుట్టను మన్నుతోను మందపు ప్లాస్టిక్ దుప్పటితోను కప్పి, పైన గడ్డి పెంచినారు; 2020 మొదలు కొంత చెత్తను కాల్చి విద్యుచ్ఛక్తిని గూడ తీయుచున్నారు. ఇది కొంత మేలు. కాని ఏండ్ల తరబడి ఆ గుట్టనుండి ఊఱిన నల్లని నీరు భూమిలోనికి ఇంకి బావులను చెఱచినది, ప్రక్కనున్న మల్కారము చెఱువును గుర్తుపట్టరానిదానిగా చేసినది.

ఇక్కడ నేనొక పొరపాటు చేసితిని, చెప్పుకొనుట మంచిది. పిల్లకు అంతయు కన్నులార చూపవలెనను ఉత్సాహముతో, ఒక సెలవుదినమున ఆటోలో ఆ గుట్ట కనబడునంత దూరము తీసికొనిపోయితిని. గాలి మావైపు తిరిగినది. పిల్ల కొంగులో ముఖము దాచుకొని యేడ్చినది. ఆ రాత్రి అన్నము తినలేదు. ప్రక్కలో పరుండి, "మన సంచి వల్లనే కదా అమ్మమ్మా, అక్క వాళ్ల పాపకి రోజూ ఈ వాసన?" అని యడిగినది. అక్క యనగా మా పనియామె. ఆమె కూతురును మూడవ తరగతియే, ప్రభుత్వ పాఠశాలలో. నా యొద్ద ప్రత్యుత్తరము లేదు. ఎనిమిదేండ్ల పిల్లకు అపరాధమును చూపి, చేతికి పని యీయకుండుట క్రూరమని అప్పుడు తెలిసినది. భయపడిన బిడ్డ పాఠము నేర్వదు, కన్ను మాత్రము మూసికొనును.

మఱునాడు ఇద్దఱము కలిసి మట్టికుండను తెచ్చితిమి. చెత్తగుట్ట యంత చెడ్డదగుటకు మూలము మన వంటయింటిలోనే యున్నది. నగరపు చెత్తలో ఇంచుమించు సగము తడిచెత్త: కూరతొక్కలు, ఎంగిలన్నము, టీపొడి, వాడిన పూలు. ఇవి వేఱుగానున్న మన్నయిపోవును. ప్లాస్టికుతోను గాజుపెంకులతోను కలిపి గుట్టపోసినప్పుడు, లోపలికి గాలి చొరక, క్రుళ్లి, మండెడి వాయువును విషపునీటిని పుట్టించును. ఆ నీరు ప్రక్కనున్న బ్యాటరీలలోని సీసమును మందుల సారమును కడిగి తనతో తీసికొనిపోవును. 2016 నాటి కేంద్ర నియమములు తడి, పొడి, అపాయకరమైన చెత్తలను ఇంటిలోనే వేఱుచేయుమని చెప్పినది ఇందుకే. ఆకుపచ్చ డబ్బా, నీలిడబ్బా మన గుమ్మములలోనికి వచ్చియు చాలకాలమైనది. తఱచుగా ఒకదానిలో బియ్యము, ఒకదానిలో బట్టలు కనబడుచుండును.

కుండకు చుట్టును అడుగునను బెజ్జములు పొడిచి, ఎండుటాకులు ఒక పొర, తొక్కలు ఒక పొర వేసి, పుల్లమజ్జిగ చిలికి, నాలుగైదు దినముల కొకసారి కఱ్ఱతో త్రిప్పితిమి. దుర్గంధము పుట్టినచో తడి యెక్కువైనదని గుర్తు. గుప్పెడు ఎండుటాకులు వేసిన చాలును. రెండు మూడు నెలలకు నల్లని మన్నయినది. పిల్ల దానిని ముక్కుదగ్గఱ పెట్టుకొని వాసన చూచి, "వానవాసన" అనెను. ఆమె భయము అప్పుడు తగ్గినది.

మాట వచ్చినది గనుక మఱొక సంగతి. మా వీథిలో ప్రొద్దుట యీల వినబడగానే, "చెత్తవాడు వచ్చాడు" అని ప్రతియింటను కేకవేయుదురు. చెత్త మనది, తీసికొనిపోవువానికి ఆ పేరు. స్పానిషువారు మనకన్న మెఱుగేమో యని పిల్లను అడిగితిని. చెత్త తీయువానిని వారు 'బసురేరొ' అందురట. పెక్కు దేశములలో చెత్తకుప్పకును అదే మాటయట! మనుష్యుని, కుప్పను ఒకే పేరున పిలుచుటలో మనమును వారును దొందు దొందే. మా మనుమరాలు మాత్రము ఆయనను "అన్నా" అని పిలుచుట మొదలుపెట్టినది. తక్కిన యిండ్లవారు మానలేదు.

పొగను గూర్చి ఎక్కువ వ్రాయను. మేడ్చలుమీదుగా నాగపూరునకు పోవు బాటలో లారీల పొగను ఆపుట మనచేతిలో లేదు. కాని చలికాలపు ఉదయమున గేటుముందు ఎండుటాకులతో ప్లాస్టిక్ సంచులను కూడ కుప్పవేసి అంటించువారు మనవారే. ఆ వేళ నేలనంటిన గాలి చల్లగాను, పైగాలి వెచ్చగాను ఉండుటచేత పొగ పైకి లేవక, బడికి బయలుదేఱిన పిల్లల ముక్కుల యెత్తుననే నిలుచును. కాలిన ప్లాస్టిక్ విషవాయువులను పుట్టించును. ఆకులకు కుండ యుండగా అగ్గి యేల?

ఇక చెఱువు. చేపలెందుకు చచ్చినవని పిల్లను అడిగితిని. "విషం కలిసింది" అనెను. అట్టమీది బొమ్మ కూడ అట్లే చెప్పుచున్నది. పెద్దలమును మనము అట్లే తలంతుము. ఇది సగము నిజమే. మందుల కార్ఖానాల నీరు, విగ్రహములకు పూసిన రంగులు విషములే. కాని చెఱువులు తఱచుగా విషముచేత గాక తిండి యెక్కువై చచ్చును. ఇది చూపుటకు స్పానిషు దేశముననే చక్కని నిదర్శనము కలదు, ఆ భాష నేర్చు పిల్లకు ఇంతకన్న తగిన పాఠము లేదు.

స్పెయిను ఆగ్నేయమున ముర్సియా యను ప్రాంతమున సముద్రపుటొడ్డున నొక ఉప్పునీటి సరస్సు కలదు. వైశాల్యము సుమారు 135 చదరపు కిలోమీటర్లు. దాని పేరు మార్ మెనోర్, అనగా చిన్నసముద్రము. మనవారు మాత్రము చెఱువులను సాగరములు, సముద్రములు అని పిలువలేదా? హుస్సేన్‌సాగరము ఎదుటనే యున్నది. ఆ చిన్నసముద్రపు చుట్టునున్న మెట్టనేలకు 1979 మొదలుకొని దూరపు నదినీరు కాలువమీద రాగా, కూరగాయల సేద్యము విపరీతముగా పెరిగినది. పొలములలో చల్లిన రసాయనపు టెరువులో పైరు తినగా మిగిలినది వాననీటితో సరస్సులో చేరినది. 2016 నాటికి అద్దమువలెనుండు నీరు ఆకుపచ్చని పులుసైనది. సూర్యకాంతి అడుగునకు దిగక, అచ్చటి నీటిగడ్డి చాలవఱకు నశించినది. 2019 సెప్టెంబరులో కుంభవృష్టి కురిసి ఇంకను మురికిని తెచ్చినది. ఆ అక్టోబరులో ఊపిరాడని చేపలు, రొయ్యలు టన్నులకొలది గట్టునకు కొట్టుకొనివచ్చి చచ్చినవి. 2021 ఆగస్టులో మరల అట్లే జరిగినది.

అప్పుడు ఆ సరస్సు ఒడ్డున బ్రదుకువారు ఊరకుండలేదు. ముర్సియా విశ్వవిద్యాలయమున న్యాయతత్త్వమును బోధించు తెరేసా విసెంతె యను విదుషి, సరస్సునకే మనుష్యునకువలె న్యాయస్థానమున హక్కులుండవలెనని శాసనమును కోరుచు సంతకములు సేకరించు నుద్యమమునకు నాయకురాలైనది. ఆఱులక్షలకు మించిన సంతకములు వచ్చినవి. 2022 సెప్టెంబరులో స్పెయిను పార్లమెంటు ఆ శాసనమును చేసినది. యూరపు ఖండమున నొక సరస్సునకు ఇట్టి హక్కు దొరకుట అదియే ప్రథమము. 2024లో ఆమెకు గోల్డ్‌మన్ బహుమతి లభించినది. శాసనము వచ్చినంతనే నీరు తేటపడలేదు, పొలముల యెరువు ఆగవలసియున్నది. అయినను ఒక సరస్సు వాదిగా కోర్టు కెక్కవచ్చునన్న మాట విని మా మనుమరాలు, "అయితే మల్కారం చెఱువు కూడా కేసు వేయొచ్చా?" అని యడిగినది. మన దేశములో ఇంకను అట్టి చట్టము లేదు. 2017లో గంగాయమునలను వ్యక్తులుగా ఉత్తరాఖండ హైకోర్టు ప్రకటించగా, కొలదినెలలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పు నిలిపివేసెను.

చేపలు ఊపిరాడక చచ్చుట యన నేమో చూపుటకు రెండు గాజుసీసాలు చాలును. రెంటిలోను చెఱువునీరు పోసి, ఒకదానిలో మాత్రము గరిటెడు కుడితి కలిపి, మూతవేయక వెలుతురున్న కిటికీలో నుంచితిమి. కుడితి విషము కాదు, గేదెలకు బలము. అయినను మూడు నాలుగు దినములలో ఆ సీసా మసకలుగట్టి, వాసన కొట్టినది. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ తిండిని తినుచు, నీటిలో కరగిన గాలిని వాడివేయును. చెఱువులో కలియు మురుగునీరును, పొలము యెరువును చేయు పని యిదియే. మొదట గుర్రపుడెక్కయు నాచును తెగబలియును. అవి చచ్చి క్రుళ్లునప్పుడు నీటిలోని గాలి హరించిపోవును. బొచ్చె, రవ్వ వంటి చేపలు ముందు చచ్చును. మన తెలంగాణ రాష్ట్రపు చేప యగు కొరమీను పైకి వచ్చి గాలి పీల్చగలదు గనుక మఱికొంతకాలము తాళును. చెఱువులో కొరమీనులు మాత్రమే మిగిలిన, అది ఆరోగ్యమునకు గుర్తు కాదు. (ఈ పరీక్షలో చేపపిల్లలను వేయవలదు. సీసానీటిని తరువాత మొక్కలకు పోసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.)

పిల్ల ఆ సీసాను చూచుచు నాకొక మాట నేర్పినది. స్పానిషులో నీటిలో బ్రదికియున్న చేప 'పెస్', పట్టి తెచ్చిన చేప 'పెస్కాదొ'. బ్రదికినదానికి వేఱొక పేరుండుట నాకు నచ్చినది. "మఱి ఇట్లా చచ్చినదాన్ని ఏమంటారు?" అంటిని. టీచరును అడిగెదననెను.

ఇంతలో మా పనియామె కూతురునకు సెలవులు వచ్చి, తల్లి వెంట రాసాగినది. ఆ పిల్ల అమ్మమ్మగారి యూరు మెదకు వైపు. చెఱువు క్రింద వారికి రెండు మళ్ల పొలము కలదట. ఇద్దఱు పిల్లలును అట్టకాగితపు వెనుకవైపు శామీర్‌పేట చెఱువును గీయ మొదలిడిరి. మావాళ్ల పిల్ల నీలిరంగు పూసి, "అయిపోయింది" అనెను. రెండవ పిల్ల, "కట్ట ఏది? తూము ఏది?" అని యడిగి, తానే గీసినది. పొలములకు నీరు పంచు నీరటిని గూడ పాఱతో నిలిపినది. చెఱువు నీటిగుంట కాదనియు, కట్ట, తూము, కాలువ, మడి, నీరటి కలిసిన యొక సంసారమనియు మా మనుమరాలికి ఆనాడే తెలిసినది. ఆ సంసారము చెడినప్పుడే చెఱువు చెత్తకుప్ప యగును. తెలంగాణములో సుమారు 46,000 చెఱువులుండగా, పెక్కింటి క్రింద పొలములు పోయి యిండ్లు వచ్చినవి. నీరటికి పని లేదు, కట్టకు కాపు లేదు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలములకు తోలినప్పుడు, ఆ సంసారము కొన్నియూళ్లలో మరల కొంత కూడుకొన్నది.

నేను పిల్లలకు వలెన్సియా నగరపు కథ చెప్పితిని. అదియు స్పెయినులోనిదే. అచ్చటి పెద్దగుడి ద్వారమువద్ద ప్రతి గురువారము పట్టపగలు పండ్రెండుగంటలకు రైతులు ఎన్నుకొన్న పెద్దలు కూర్చుండి నీటితగవులు తీర్చెదరు. నీరు దొంగిలించినవానిని, కాలువను బాగుచేయనివానిని నోటిమాటతోనే విచారించి తీర్పు చెప్పుదురు. నూఱులకొలది యేండ్లుగా సాగుచున్న ఆ సభను 2009లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. వారు పంటకాలువను 'అసేకియ' యందురు. అది అరబ్బీ మాట. మన హైదరాబాదు గజళ్లలో పాత్ర నింపు 'సాఖీ'యును ఆ ధాతువునుండి పుట్టినదే. "అయితే నీరటి సాఖీ అన్నమాట!" అని మా అల్లుడు వార్తాపత్రిక దించి నవ్వెను.

బతుకమ్మ పండుగనాడు ఇద్దఱిని చెఱువుగట్టునకు తీసికొనిపోయితిని. తంగేడు, గునుగు, బంతి నీటిలో కలిసి మన్నగును. కాని ఈ మధ్య గునుగుపూలకు అంగడి రంగులద్ది, క్రింద ప్లాస్టిక్ పళ్లెమును, పైన తళుకు కాగితమును పెట్టుచున్నారు. మేము వెదురు సిబ్బిమీద పేర్చి, గునుగును తెల్లగానే యుంచితిమి. కొందఱు "వెలవెల పోయిందమ్మా" అనిరి. అననిండు.

బొమ్మ పూర్తియైనది. మా మనుమరాలు ఒక్కొక్కదాని ప్రక్కను తెలుగుమాటను, దానిక్రింద స్పానిషు మాటను వ్రాసినది. మూల నొకచోట కట్ట తెగినట్లు చిన్న సందు గీసియున్నది. "ఇదేమిటి?" అని మావాళ్ల పిల్ల అడుగగా, "మత్తడి. చెర్వు నిండితే నీళ్లు ఇక్కడికెల్లి దుంకుతయ్, కట్ట తెగకుండ" అని రెండవది చెప్పెను. దానికి స్పానిషు మాట అట్టమీద లేదు, పిల్ల పుస్తకములో లేదు. రెండు దినముల పిమ్మట బడినుండి పరుగున వచ్చి, చెప్పులు విడువకయే చెప్పినది: "అలివియదేరొ! అంటే భారం దించుకునే చోటు అట, టీచర్ చెప్పింది." ఆ మాటను పలుక జవహర్‌నగరు పిల్లకు మూడుమార్లు పట్టినది. నాకు ఇంకను రాలేదు. శామీర్‌పేట చెఱువు నిండి మత్తడి దుమికిననాడు ఇద్దఱిని తీసికొనిపోయి చూపెదనని మాట యిచ్చితిని. మబ్బు పట్టినప్పుడెల్ల, వచ్చి అడుగుచున్నారు.